తక్‌పట్టి

దేవరకద్ర ఉల్లిగడ్డ మార్కెట్ల
బుధవారం బుధవారం తక్‌పట్టీలు రాస్తా.
రైతు పేరు, ఊరు, సంచులు, తూకం, ధర,
హమాలీ, దడ్వాయి, కమీషన్.
ఇరవై రెండేండ్లల్ల
ఒక్క గడ్డకు బొమ్మ గియ్యలే.

పాత కాగితాల ఖదీర్ దుకాణంల
కిలో పన్నెండు లెక్కన తూకానికొచ్చిన పుస్తకం.
పుటకొక్క పువ్వు.
తెల్లటి రేకు మీద ఎర్రటి మంట నాలికలు,
కాడ పక్కన ఊరికెనే ఒక ఈగ,
కింద పేరు
పేరు కింద తూకం
తూకం కింద ధర.
చూస్తనే ఎరుకైంది నాకు,
పూల పుస్తకం కాదిది, తక్‌పట్టి.
రాసినోడు నా అసోంటోడే,
చేతిల బాల్‌పెన్ను లేదు, కుంచె ఉంది.

కాలేజీ జలంధర్ సారు చాయ్ తాగుకుంట చదివి చెప్పిండు.
నాలుగు వందల ఏండ్ల కింద, హాలండ్ల, చలికాలం.
గడ్డలింకా మట్టిలనే ఉన్నయి.
సారా దుకాణంల కూసొని కొంటున్నరు, అమ్ముతున్నరు.
కొన్నోడు చూడలే, అమ్మినోడు తవ్వలే,
చిట్టి మాత్రం పది చేతులు మారింది.
వాళ్లే దానికి గాలిబేరమని పేరు పెట్టుకున్నరట.
ఒక నేతగాడు మగ్గం అమ్మి గడ్డ కొన్నడట.
నారాయణపేటల మగ్గం అమ్మినోళ్లు నాకూ తెలుసు సారూ,
పువ్వు కోసమైతే కాదు.

ఆ మంట గీతలు అందం గాదట, తెగులట.
పేనుబంక మోసుకొచ్చిన రోగం.
ఏడాదేడాదికి గడ్డ సన్నబడ్తది,
బక్కగైన కొద్దీ ధర లేస్తది.
నేను చాయ్ కప్పు కింద పెట్టిన.
మా దగ్గర మచ్చ కనబడితే
సంచిని కాలుతోటి పక్కకు నూకుతరు.

ఫిబ్రవరిల ఒక పొద్దు
పాట పాడెటోడు ధర పిలిచిండట.
ఎవ్వడు చెయ్యి లేపలే.
తగ్గించిండు.
లేపలే.
ఆ సప్పుడు లేనితనం ఎట్లుంటదో సారు చెప్పబోతుంటే
వద్దన్న.
చిన్నచింతకుంట కుర్మన్న అరవై సంచులు తెచ్చిన బుధవారం
నేనీ కుర్చీలనే ఉన్న.
బండి కిరాయి పోను, హమాలీ పోను,
ఆయనే మాకు నలభై రూపాయలు బాకీ.
ఆ అంకె ముందల గీత ఎట్ల పెట్టాల్నో తెల్వక
పెన్ను ఇదిలించిన, సిరా అయిపోయినట్టు.
కుర్మన్న తన జేబులకెల్లి పెన్ను తీసిచ్చిండు.

సారు ఇంకో ముచ్చట చెప్పిండు, నిజమో కతో.
పడవ దిగిన ఒకడు బల్ల మీది గడ్డను
ఉల్లిగడ్డ అనుకొని చేపతోటి నంజుకున్నడట.
ఊరంత ఖరీదు చేసే గడ్డ.
వాన్ని జైల్ల పెట్టిన్రట.
మా దిక్కు రెండూ గడ్డలే గద సారూ,
వాన్ని తప్పెట్ల పడ్తం?

ఆయింత షెడ్డు మూలకు దొర్లి మొలకొచ్చిన గడ్డొకటి
పగిలిన చాయ్ గిలాసల పెట్టిన.
వారానికి జానెడు కాడ లేసింది.
నాకేం తిక్క లేసిందో,
పిల్లగాని స్కెచ్ పెన్నులు అడుక్కొచ్చి
తక్‌పట్టి వెనక దాని బొమ్మ గీసిన.
వాళ్లు పువ్వులకు జనరల్ అని, అడ్మిరల్ అని పేర్లు పెట్టుకున్నరు గద,
నేను రాసిన: జనరల్ కుర్మన్న.
ఊరు: చిన్నచింతకుంట.
తూకం: ఒక గడ్డ.
ధర కాడ ఆగిన.
పువ్వు చూసినంక రాద్దాం అనుకున్న.
ఒక ఈగను గూడ గీసిన,
అది మాత్రం మంచిగొచ్చింది.

బుధవారం పొద్దుగాల షెడ్డు తెరిస్తే
గిలాసల నీళ్లే ఉన్నయి.
ఊడ్చే మాణిక్యమ్మ మూతి తుడుసుకుంట వచ్చింది.
జొన్నరొట్టెలకు మంచిగైంది సారూ, కాడ లేతగుండె.
ఏమనాలె నేను?
చీపురు అందుకుంట మళ్ల ఆమెనే అన్నది,
ఒక్కటే పెట్టినవేంది సారూ,
ఇంట్ల నలుగురం ఉన్నం.