మూత కింద

సీసను వెలుతురుకు ఎత్తిపట్టి చూసుడు నా పని.
నిమిషానికి నలభై.
తెల్ల దీపం ముందర నీళ్లు,
నీళ్ల ఎనుక నా కన్ను,
కన్ను ఎనుక పన్నెండు గంటలు.

సొహార్ సముద్రానికి ఉప్పు తీసి, ఊపిరి తీసి
అర లీటరు అర లీటరుగ మూత బిగిస్తం.
ఏ రుచీ ఉండదు. ఏ ఊరిదీ కాదు.
అందుకే ఖరీదు.

ఆ రాత్రి ఒకదాంట్ల
వెంట్రుక మొనంత నలుపు.
ఊపితే లేచింది, నిలిపితే దిగింది,
మబ్బు పిల్ల లెక్క.
దుమ్ము, పోనీ, అన్నడు మొతాలెబ్.
దుమ్ముకు దారాలుంటయా?

ల్యాబుల బిన్సీ దాన్ని ఏడు రోజులు సాకింది.
గాజు పళ్లెంల బూడిదరంగు పువ్వు,
అంచు తెలుపు, నడుమ పాకుడు పచ్చ.
"నీళ్లల్ల పుట్టలే" అన్నది,
"అట్టపెట్టెల్ల పుట్టి మూతల్లకు పాకింది.
జూలైల గోదాముకు చెమట పట్టింది గదా."

గోదాముకు చెమట పడితే పెద్దసార్లు వచ్చిండ్రు.
ఏసీ పెట్టిండ్రు.
మూడు వందల పదకొండు పెట్టెలకు ఎర్ర ముద్ర.
మూతలు తిప్పి తిప్పి మేమే పారబోసినం
బొటనవేలు తోలు లేచేదాక.
ఇసుక ఏమీ అడగలే. తాగింది.

ఆవకాయల తడి గరిటె పెడితే
మా అక్క గయ్యిమనేది, బూజు పడ్తదిరా అని.
నీళ్లతోటి బూజు నాకు తెలుసు.
నీళ్లకే బూజు ఇక్కడ చూసిన.

ఊరికెనే అడిగిన బిన్సీని:
నా సీస చూస్తవా?
నాలుగేండ్లది. క్యాంపు ట్యాంకు కాడ నింపుకునేది.
ఎవరూ ఎత్తుకపోకుండ
తెలుగుల రాసుకున్న, గంగమల్లు అని.
మల్లు చెరిగిపోయి
గంగ మిగిలింది.

ఏడు రోజులైనా పళ్లెం చూపెట్టలే ఆమె.
అడిగితే చూపెట్టింది.
పారబోసిన పెట్టెలకన్న దట్టంగ,
ఒకదాని మీద ఒకటి,
మా రూముల మంచాల లెక్క.

"ఏమన్న అయితదా?"
"బలమున్నోళ్లకు ఏం కాదు"
అని, నా దగ్గు ఆగేదాక ఆగింది.
ముద్ర ఆమె బల్ల మీదనే ఉండె,
సిరా ఇంకా తడితడిగ.
ఇద్దరం దాని దిక్కు చూడలే.

లైను మీది కొత్త సీస ఒకటి ఇచ్చింది.
ముందుగాల మూత తీసి
లోపలి మరలల్ల గోరు పెట్టి
చుట్టూ తిప్పిన.
తర్వాత పేరు రాసిన.
మల్లు కొంచెం పెద్దగ.