స్టెప్నీ

లాకుల ఆఫీసు వేలంలో జీపు పాడినప్పుడు
దాని సీటు కింద కోడి పొదుగుతోంది.
కోడిని వాచ్‌మన్ తీసుకెళ్లాడు. బండి నాకొచ్చింది.
నేను లెక్కలు రాసే ఐసు ఫ్యాక్టరీ కన్నా
రెండేళ్లు పెద్దది.

మంగతాయారు ఒకటే మాటంది:
"నలభై వేలు. ఆపైన ఒక్క రూపాయి అడిగితే
ఆ బండిలోనే పడుకోండి."
గుమాస్తాని కదా,
ఐసు దిమ్మల పుస్తకంలో
వెనక పేజీ నుంచి మొదలుపెట్టాను.

సఖినేటిపల్లి రేవు పక్కన ఏసుపాదం షెడ్డు.
పంటు రేకులు అతికే చెయ్యి.
జీపు చుట్టూ రెండుసార్లు తిరిగి
చెవి మీది బీడీ తీసి
"ఇదీ పడవేనండి, చక్రాలున్నాయంతే" అన్నాడు.

రావులపాలెం తుక్కుకొట్లో
లారీ కమాను పట్టీలు, పదహారు వందలు.
బండి నాలుగు వేళ్లు లేచింది.
"పొగరెక్కిందిరోయ్" అన్నాడు పక్కింటాయన,
బండినో నన్నో.
రొయ్యల చెరువు పైపు ముక్క, ఎల్బోలు రెండు:
ఇంజను ఊపిరి నెత్తికెక్కింది.
ఇరుసుల్లోకి నీళ్లు పోకుండా
ఆరెంపీ గోపాలస్వామి ఇచ్చిన సెలైను ట్యూబులు, ఉచితం.
రోజూ అడుగుతాడు, "పేషెంటుకెలా ఉంది?"
కరెంటు వించి ధర విని
ఏసుపాదం నవ్వి దగ్గాడు.
పడవల్ని గట్టుకి లాగే చేతిమర తెచ్చి
ముందు బంపరుకి వెల్డింగు పెట్టాడు.
తాడు, ఎవరిదో పాత లంగరుది.

టైర్లు గట్టివి నాలుగే దొరికాయి.
అయిదోది గుండుది, తొమ్మిది వందలు.
దాని కోసం ఇద్దరం మూడురోజులు మాట్లాడుకోలేదు.
దండగన్నాను నేను.
అతను బిగించేశాడు.

రంగు వెయ్యలేదు.
ఉప్పుగాలి తనే వేస్తోంది, తుప్పురంగు, కూలి అడగకుండా.

ఎందుకయ్యా ఇదంతా అన్నారు.
పంతొమ్మిదేళ్లుగా రాస్తున్నాను,
తిప్ప చివరి పడవలకి ఇన్ని దిమ్మలని.
ఆ ఐసు ఎక్కడ కరుగుతుందో
ఒక్కసారీ చూడలేదు.
ఇది చెబితే నవ్వుతారని
"సరదాకి" అన్నాను.

పౌర్ణమి మర్నాడు, పాటు చూసుకుని దిగాం.
టైర్లలో గాలి సగం వదిలేస్తే
పెళ్లిపందిట్లో లావుపాటి మనిషి
చాప మీద చతికిలబడ్డట్టు
ఇసుక మీద కూర్చున్నాయి.
చిన్న గేరు వేశాను. నాలుగు చక్రాలూ ఒక్క మాటమీద నడిచాయి.
పీతలు దారిచ్చాయి.
కాసేపు నేను గుమాస్తాని కాను.

పైన పొడి ఇసుక, కింద నల్ల రొంపి.
ముందు ఎడమ చక్రం దిగింది, తర్వాత కుడిది,
తర్వాత మాటలు.
వించి ఉంది, తాడుంది,
కట్టడానికి మొక్కైనా లేదు.
మడచెట్లు అరమైలు అవతల,
ఎవరో పిలిస్తే వద్దామన్నట్టు నిలబడి ఉన్నాయి.
పోటు మొదలైంది. నీళ్లు చప్పుడు చెయ్యవు,
పక్కకి చూసి మళ్లీ చూసేసరికి దగ్గరగా ఉంటాయి.

ఏసుపాదం గుండు టైరు విప్పాడు.
అన్నం కంచాలతో తవ్వాం, గోళ్లతో తవ్వాం,
నడుముల్లోతు గోతిలో టైరుని
నిలువునా పూడ్చి తాడు దానికే కట్టాడు.
చేతిమర టిక్కు, టిక్కు,
తాడు మూలిగింది, గోతి మీద ఇసుక కదిలింది, ఆగింది.
జీపు
పూడ్చిపెట్టిన తన చక్రాన్నే పట్టుకుని
తనని తాను బయటికి లాక్కుంది,
వేలెడు, జానెడు, మూరెడు.

టైరు తవ్వుకునే టైము లేదు.
మోకాలి నీళ్లలో అతను తాడు కోశాడు.
తొమ్మిది వందలు, అనబోయి ఊరుకున్నాను.

రాత్రి మంగతాయారు పుస్తకం తిరగేసింది,
వెనకనుంచి ముందుకి.
మొత్తం ముప్పైతొమ్మిది వేల ఎనిమిదొందల అరవై.
"స్టెప్నీ ఏదీ?"
చెప్పాను. ఐసు సంగతి కూడా చెప్పాను, మొదటిసారి.
నవ్వలేదు.
నా గోళ్ల కింది నల్ల రొంపి వైపు చూసి అంది:
"నూటనలభై మిగిలింది కదా,
ఈసారి పార కొనుక్కెళ్లండి."

ఆమె పడుకున్నాక ఒక వరుస రాశాను.
స్టెప్నీ, గుండుది, ఒకటి.
ఖర్చు కిందా కాదు, జమ కిందా కాదు,
గోదారి దగ్గర.