టోకెన్ల గది

బొమ్మనహళ్లి గార్మెంట్సు గేటు పక్కన
నాదొక కిటికీ, నాదొక స్టూలు,
రెండొందల పన్నెండు గూళ్ల చెక్క బీరువా.
పొద్దున ఎనిమిదిన్నరకు ఫోన్లు నా చేతికి,
ఇత్తడి బిళ్లలు వాళ్ల చేతికి.
లోపల కుట్టుమిషన్లు. ఇక్కడ నేను.
నా ఫోనా? అదీ గూట్లోనే, ఒకటో నంబరు.
రూలు రూలే. నా బిళ్ల నాకు నేనే ఇచ్చుకుంటా.

నలభైమూడు గంగరత్నమ్మది.
పాలకవరు చుట్టి, రబ్బరుబ్యాండు వేసి ఇస్తాది.
అందులో ఆమెకు పనికొచ్చేది టార్చి ఒకటే,
మూడో అంతస్తు గదికి పోయే మెట్ల మీద లైటు లేదంట.
"దాంట్లో సినిమాలు కూడా వస్తాయి పిన్నమ్మా" అంటే
"రానీలే, నాకు మెట్లు కనపడితే చాలు" అంటాది.

నూటపదకొండు షహీనాది.
రోజూ పదకొండున్నరకు అలారం,
బిడ్డకు ఫిట్సు మందు వేళ.
బిడ్డ ఇంట్లో, మందు అవ్వ చేతిలో, అలారం నా గూట్లో.
"లోపలికి వినపడదు కదమ్మా, ఎందుకు పెట్టుకుంటావు?" అన్నా.
"నువ్వు ఇంటావు గదక్కా" అంది.
అప్పటినుంచి అది మోగితే
చేస్తున్న పని ఆపుతా.
ఏం చెయ్యాలో తెలీదు. ఆపుతా, అంతే.

అరవై ఆరు, పుష్పలతది, గూట్లో నిలవదు.
అప్పు యాపు వాళ్లు.
వణికి వణికి అంచుదాకా జరుగుతాది, వెనక్కి తోస్తా.
మధ్యాన్నం లోపల నలభై పిలుపులు.
"కట్టుకున్నోడు కూడా ఇన్నిసార్లు పిలవలేదక్కా" అని నవ్వుతాది.
బిళ్ల తిరిగిచ్చేటప్పుడు
చెయ్యి మాత్రం సల్లగా ఉంటాది.

ఇస్త్రీ సెక్షను త్రినాథ్, ఒరిస్సా పిల్లోడు.
వాడి ఫోన్లో ఐదు నొక్కితే ఎనిమిది పడతాది.
వాళ్లమ్మ నంబర్లో మూడు ఐదులు.
సాయంత్రం ఈ కిటికీ కాడే నిలబడి
నంబరు కొట్టిచ్చేవాళ్ల కోసం చూస్తాడు.
ఇప్పుడు ఆ నంబరు నాకు కంఠతా వచ్చు.
ఆమె భాషే రాదు.

సూపర్‌వైజరు నంజుండప్ప
అందరి ముందరా ఒక ఫోను పెట్టి పోతాడు.
దాంట్లో సిమ్ము లేదు.
ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా.

మొన్నొకరోజు, పన్నెండుకింకా పది నిమిషాలుంది,
ఆ సిమ్ములేనిది తప్ప
గూళ్లన్నీ ఒక్కసారి అరిచినాయి.
మోగడం కాదు, అరవడం.
బీరువా అదిరింది.
గంగరత్నమ్మ ఫోను పాలకవర్లోనే వెలిగింది.
నిప్పో, భూకంపమో, చెరువు తెగిందో.
తెరల మీదంతా కన్నడం.
మన అక్షరాలకే తలకట్టు మార్చినట్టుండే కన్నడం,
కూడబలుక్కుంటే వస్తాది,
కానీ ఆగి చదవడానికి కాళ్లు ఒప్పుకోలా.

కుట్టుహాలు తలుపుకు బయట తాళం.
చెవి సెక్యూరిటీ నడుముకు,
సెక్యూరిటీ టీకొట్టు కాడ.
రెండు చేతులా బాదినా.
లోపల కాలర్లు, కఫ్ఫులు, గుండీ కాజాలు,
ఎప్పటి జోరులో అప్పటి మిషన్లు.
వాటి ముందర నా చేతుల చప్పుడెంత.

తిరిగొచ్చి చేతికందిన ఫోను తీసి
ఒక్కో అక్షరం తడిమినా.
ప. రీ. క్షె.
పరీక్ష అంట. ఊరికే,
ఎవరూ భయపడొద్దంట.

సాయంత్రం చెప్తే పగలబడి నవ్వినారు.
నేనూ నవ్వినా, అరచేతులు ఇంకా మండుతుంటే.
"అయితే పాసైనామా అక్కా?" అంది పుష్పలత.
గంగరత్నమ్మ మాత్రం కవరు విప్పి
టార్చి వెలుగుతుందో లేదో చూసుకునింది,
తలుపు దిక్కు ఒకసారి వేసి చూసింది.

ఇప్పుడు సెక్యూరిటీ టీకి లేస్తే
"చెవి ఇచ్చి పో" అంటున్నా.
ఒకరోజు ఇస్తాడు, ఒకరోజు గొణుక్కుంటా పోతాడు.
ఇచ్చిన రోజు దాన్ని
నూటపదకొండో గూట్లో పెడతా, ఫోనుకు ఆనించి.
పదకొండున్నరకు
చెవి కూడా సన్నంగా కదులుతాది.