కుడి తలుపు

"ఎడమ తలుపుకొక్కటీ చాలు" అంది త్సెవెల్మా
తాళంచెవి బల్ల మీద పడేస్తూ.
"కుడిదాని జోలికి పోకు జంబా. డబ్బు దండగ."

ఉలాన్‌బాటర్‌లో విడిభాగాల బజారు వెనక
రెండు ఇనుప కంటైనర్లు కోసి అతికిన కొట్టు నాది.
బయట సున్నాకి ఇరవై ఎనిమిది కింద.
ఈ చలిలో తలుపు అట్ట ఊడదీస్తే
క్లిప్పులు బిస్కెట్లలా విరుగుతాయి.
గంటసేపు పొయ్యి పక్కన కారుని మరగనిచ్చి
ఇద్దరం ఉప్పు పాల చాయ్ తాగాం.

జపాన్‌లో ఎవరో వాడి వదిలేసిన కారు,
స్టీరింగు కుడివైపు. పదేళ్లుగా టాక్సీ.
కుడి స్పీకరు చచ్చిపోయి మూడేళ్లయిందట.
"మరి అదే కదా నీ పక్కనుండేది?" అన్నాను.
ఆమె తలపాగా లాంటి ఉన్ని టోపీ పైకెత్తి
కుడి చెవి చూపించింది.
చూడ్డానికి బాగానే ఉంది.
"పదకొండేళ్లప్పుడు జ్వరమొచ్చి పోయింది.
మఠంలో లామా దీని దగ్గర శంఖమూదినా
ఏం కొరుకుతున్నావని అడుగుతాను."

సరే. ఎడమదే.

అట్ట ఊడింది. లోపల తుప్పు, ఒక హెయిర్‌పిన్,
ఎప్పటిదో పార్కింగు చీటీ.
పాత స్పీకరు కాగితం కోన్ తడిసి తడిసి
నానిన రొట్టెలా వేలికి అంటుకుంది.
ప్లైవుడ్ చక్రం కోసి బిగించాను,
రేకు గిలగిల్లాడకుండా తారు పట్టీ అంటించాను.
తలుపుకీ బండికీ మధ్య ఆ రబ్బరు గొట్టంలోంచి
కొత్త తీగ లాగడానికే అరగంట;
సబ్బు నురగ, రెండు బూతులు ఖర్చు.
చిన్న బ్యాటరీ తాకిస్తే కోన్ బయటికి దూకింది.
ఇటు ప్లస్. చార ఉన్న తీగ మైనస్.

పాట పెట్టింది.
ఎవరో ప్రయాణికుడు సీట్లో మరిచిపోయిన
పెన్‌డ్రైవ్‌లో పాట. పేరు ఆమెకీ తెలీదు.
ఒక మగ గొంతు రెండు చరణాలు పాడి ఆగుతుంది.
ఆ ఆగినచోట త్సెవెల్మా కూనిరాగం తీసింది,
ఎవరూ లేనట్టు, అలవాటుగా.
మళ్లీ గొంతు. మళ్లీ ఖాళీ. మళ్లీ ఆమె.

నాకు అనుమానమొచ్చింది.
అంత పొడుగు ఖాళీ ఎవరుంచుతారు?
బ్యాలెన్స్ గుండీ కుడికి తిప్పాను,
చచ్చిన స్పీకరు తీగలకి బల్ల మీది డబ్బా ఒకటి తగిలించాను.
మొరిన్ హూర్.
గొంతు ఆగిన ప్రతిచోటా
గుర్రపుతల వాద్యం జవాబు చెబుతోంది,
మూడేళ్లుగా చచ్చిన తలుపులో.

"ఆయన ఊపిరి పీల్చుకుంటున్నాడనుకున్నాను" అంది.

రెండు వైపుల తీగల్ని నేరుగా ముడేస్తే
యాంప్ కాలిపోతుంది.
యాంప్‌కి ముందే, సన్నటి సిగ్నల్ దగ్గరే,
చెరో రెసిస్టర్ పెట్టి కలపాలి;
ఒకరినొకరు తోసుకోకుండా
ఒకే ఇరుకు దారిలో ఇద్దరు నడిచినట్టు.
చిన్న మోనో యాంప్ సీటు కింద పెట్టి,
పాటంతా ఎడమ తలుపులోకి పంపాను.
డబ్బులడగలేదు దానికి. (తర్వాత కాస్త బాధపడ్డాను.)

మళ్లీ పెట్టింది.
గొంతు ఆగింది. హూర్ మొదలైంది.
ఆమె నోరు తెరిచి, మూసింది.
రెండోసారీ అంతే.
మూడోసారి స్టీరింగు మీద వేళ్లు కూడా కదల్లేదు.

బాగుందా అని అడిగాను.
"బాగుంది." కాసేపాగి,
"రాత్రి విమానాశ్రయం దారిలో ఒక్కదాన్నే వస్తుంటాను,
అక్కడ నేను ఏదో అనేదాన్ని."

పొయ్యిలో బొగ్గు కుంగింది.
గోడకి వేలాడే డబ్బాలోంచి ఒక స్విచ్ తీశాను.
హ్యాండ్‌బ్రేకు పక్కన చిన్న రంధ్రం.
కుడి సిగ్నల్ తెంచడానికి ఒకటే మీట:
పైకంటే హూర్, కిందికంటే ఆమె.

పచ్చ కాగితాలు లెక్కపెట్టి రెండు వేలు తక్కువిచ్చింది.
కుడి తలుపులో ఆ పాత స్పీకరుని తీయనివ్వలేదు,
"రంధ్రం ఉంటే గాలి కొడుతుంది" అంది.

బండి వెనక్కి తిప్పుతుంటే అద్దం కొంచెం దించి ఉంది.
మీట ఏ వైపుందో
నాకు కనిపించలేదు.