నాలుగు డిగ్రీలు

ఆదివారం ప్రార్థన అయ్యాక
ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీకి వెళ్తాను.
నాగుల్‌మీరా బాబాయి గడియ తీసి
"పావుగంటే, కెజియా" అంటాడు.
బయట నలభై మూడు. లోపల నాలుగు.

రైలుపేటలో కొన్న పాత ఉన్నికోటు తొడుక్కుని
మిర్చి టిక్కీల మధ్య ఇరుకు సందులో నిలబడతాను.
చలికంటే ముందు దగ్గొస్తుంది.
తర్వాత చెవులు నావి కాకుండా పోతాయి.
ఆ తర్వాత వేళ్లు.
పన్నెండేళ్లుగా నర్సరీలో
గులాబీలకు కన్ను అంటుగట్టిన వేళ్లు
కోటు గుండీ పెట్టలేక తడుముకుంటాయి.

స్కాట్లాండు తోటవాళ్ల ఉత్తరంలో ఉంది,
జనవరిలో పార నేలలోకి దిగదట.
నాకు తెలిసిన గట్టినేల వేరు:
రోహిణి కార్తెకు నెర్రెలిచ్చిన నల్లరేగడి.
బిందెడు నీళ్లు పోస్తే
గుటకలేసి మెత్తబడుతుంది.
నీళ్లే రాయైపోయిన చోట
ఇంక దేన్ని పోసి బతిమాలాలి?

మృగశిరకి గుంతలు, ఆరుద్రకి మొక్కలు,
నా చదువంతా ఇంతే.
ఫోన్లో మాట్లాడినావిడ, పేరు నాకు నోరు తిరగలేదు,
ముందు ఇదొక్కటి తెలుసుకో అంది:
చలి తగలందే ఆపిల్ గింజ మొలవదు.
నవ్వాను.
చలి తగిలితే జలుబు చేస్తుంది గానీ
మొలకెత్తడమేంటి?

అయినా తొమ్మిది గింజలు
తడి ఇసకలో కలిపి మూటగట్టి
తేజ రకం టిక్కీల వెనక దాచాను.
"వీసా ముందొస్తదా, మొలక ముందొస్తదా?"
వారంవారం అదే ప్రశ్న బాబాయిది.

పదకొండో వారం
ఒక గింజ పగిలి తెల్లటి కొస బయటపెట్టింది.
ఎనిమిది ఉలకలేదు.
ఐస్‌క్రీం కప్పులో నాటి
పంపు పక్క నీడన పెట్టాను.
రెండాకులేసింది.
మూడోది విప్పబోతూ
గురువారం మధ్యాహ్నం, నేను అన్నం తింటుండగా,
మాడిపోయింది.

నీళ్లు పోశాను. తడిగోనె కప్పాను.
మా నర్సరీ ఓనరు చూసి
"దాని ఊరు కాదమ్మా ఇది" అన్నాడు.
మామూలుగానే అన్నాడు.
ఆ రాత్రంతా ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

కప్పులో మట్టి ఇంకా పారబోయలేదు.

ఆగస్టులో ప్రయాణం.
కోటు మూడుసార్లు ఉతికాను.
ఘాటు వదల్లేదు.
అక్కడ మొదటిరోజు
నా పక్కన పనిచేసేవాళ్లు తుమ్ముతారు,
ఏ ఊరు మీదని అడుగుతారు.
చెప్తాను.