జీరో టికెట్

పదమూడేండ్ల కింద
మొగులమ్మ తలల గడ్డ తీసిండ్రు.
"మొత్తం తీసినం" అన్నడు పట్నం డాక్టరు
చేతులు తుడుచుకుంట.
ఆ కాయితం బిస్కెట్ డబ్బల దాసినం,
రేషన్ కార్డు కింద.

కుట్ల మచ్చ కనపడొద్దని
పాపిట ఎడమ నుంచి కుడికి మార్చింది.
రెండేండ్లకు అందరు మర్చిపోయిండ్రు.
నేను గూడ.

ఏడాదికోసారి తలకు స్కానింగు.
తల మంచిగున్నది, తల మంచిగున్నది.
మెడ దిగి కిందికి ఎవ్వరు చూడలే.

నేను నారాయణపేట డిపోల కండక్టర్ను.
టికెట్ లేనోన్ని మొకం చూసి పడత,
ఎనక సీటు కింద గోనెసంచి లెక్క నక్కినా సరే.
ఇది ఎప్పుడెక్కిందో చూడలే,
నెత్తురు రూటుల ఏ స్టేజికి దిగిందో తెల్వలే.

ఉగాది తర్వాత కుడిపక్క బరువన్నది.
గ్యాసన్నం. జీలకర్ర నీళ్లు తాగింది.
బిందె ఎత్తితె పట్టిందేమో అన్నం.
పాలమూరు దవాఖానల సూది గుచ్చి ముక్క తీసిండ్రు,
పట్నం నుంచి పాత గాజుపలక తెప్పిచ్చి
రెండూ పక్కపక్కన పెట్టి చూసిండ్రు.

సఫియా డాక్టరమ్మ, చిన్న వయసు.
"లివర్ల ఉన్నది లివర్ది కాదమ్మా, తలదే.
ఆ పాతదే.
శాన అరుదు. పదేండ్లకో పదిహేనేండ్లకో
ఇట్ల ఇంకోకాడ లేస్తది."

"ఇన్నేండ్లు ఏం జేసిందమ్మా అది?"
అడిగింది మొగులమ్మ.
డాక్టరమ్మ జెరసేపు ఆగి
"పండుకున్నది" అన్నది.
"నా కన్న నయం" అని నవ్వింది నా పెండ్లాం.
నా నైట్ డ్యూటీలకు
సగం రాత్రి లేసి తలుపు తీసింది ఆమెనే గద.

మందులున్నయంటరు. మళ్ల రమ్మంటరు.
ఎన్ని రోజులని అడిగితె
కంప్యూటర్ దిక్కు చూస్తరు.

తిరుగు బస్సుల ఆమెకు జీరో టికెట్,
నాకు స్టాఫ్ పాసు.
పైసలు కట్టనోళ్లం ముగ్గురం.
ఆ మాట నోట్లెనే మింగిన.
కిటికీ గాలికి ఎంటికలు చెదిరి
మచ్చ బయటపడ్డది,
సన్నగ, తెల్లగ, నీళ్లు రాని కాల్వ లెక్క.
చెయ్యి పెడదామనుకున్న. పెట్టలే.

దేవరకద్ర వచ్చింది. బుధవారం.
"దిగుదాం, సంతల ఉల్లిగడ్డ అగ్గువుంటది."
బస్త కొందామన్నది.
ఇద్దరికి బస్తెందుకే అన్న,
అన్నంక నాలిక కర్సుకున్న.
"నీడకు ఆరబోస్తె ఆర్నెల్లు ఆగుతయి" అని
కుప్ప ముందల కూసున్నది,
ఒక్కో గడ్డ చేతిల ఒత్తి చూసి
మెత్తగున్నది పక్కకు పారేసుకుంట.