చెప్పుల లెక్క

జువ్వలదిన్నె రొయ్యల గుంటల మీద రాత్రి రెండు.
ఆక్సిజన్ కొలిచే నా ప్రోగ్రాం మళ్లీ కూలింది.
నీళ్లలోకి పంపిన ప్రశ్న తిరిగి రాకముందే
దాని గదిని చెరిపేశాను.
వచ్చిన జవాబు ఎవరి మెమరీలోనో కాలు పెట్టింది.

పెంచలయ్య షెడ్డు లైటు ఊరికే ఆర్పడు.
బురదలోకి దిగినోళ్లు విడిచిన చెప్పులు లెక్కపెడతాడు.
"ఇంకా ఇద్దురు రావాలబ్బయా."
ఏరేటర్ల హోరులో కేకేసినా వినపడదు.

నేనూ అట్లే రాశాను.
వెళ్లే ప్రతి పనీ ఒక జత విడిచిపోవాలి,
వచ్చి తొడుక్కోవాలి.
జతలు సున్నా అయితేనే తాళం.

తెల్లారింది. ప్రోగ్రాం కూలలేదు,
మెమరీ మాత్రం కొంచెం కొంచెం ఉబ్బుతోంది.

మూలన ఒక జత, బూజు పట్టి.
"అవి మాలకొండయ్యవి. పోయిన పంటకే మానేశాడు.
కావలిలో కొత్తవి కొనుక్కున్నాడంట."

ఎండలో బల్బు వెలుగుతానే ఉంది.